టైలర్ షాపు ట్యూబ్‌లైట్

"తమ నలుగురు టైపిస్టుల్లో ఒకడు మనవాడని ముఠాకి తెలిసిపోయింది. ఐదింటికి వేలిముద్రలు తీస్తారు. దొరికినవాణ్ణి లేపేస్తారు," అన్నాడు చీఫ్, బిస్కెట్ టీలో ముంచుతూ. "అది మీ బావే అని మనిద్దరికే తెలుసు."

టైలర్ వేషంలో తిరిగే ఏజెంట్ గడియారం చూసుకున్నాడు. ముఠా ఫోన్లు వింటుంది, ఉత్తరాలు విప్పుతుంది. మిగిలిన దారి ఒకటే: బావ కిటికీకి ఎదురుగా టైలర్ షాపులో కొట్టుకునే ట్యూబ్‌లైట్.

కోడ్ సెక్షన్ మేడమ్ లోపలికొచ్చింది. ఎర్ర సిల్కు స్కార్ఫ్, రెండు డాక్టరేట్లు. పంపాల్సిన మెసేజ్ కాగితం అందించింది. రిఫరెన్స్ నంబరు, విషయం, నలభై మాటలు.

"ఇంత పంపితే దొరికిపోతాం మేడమ్. ఆ లైటు ఎలా కొట్టుకుంటుందో ముఠావాళ్లు నెల్లాళ్లుగా మీటర్ పెట్టి రాసుకుంటున్నారు. వాళ్లు చూసే టైం నాలుగింతలైతే మనం దాచగలిగే మినుకులు రెండింతలే. గంటకి మూడు మినుకులు, అంతే," అన్నాడు ఏజెంట్.

"ఎనిమిదో క్లాసు తప్పినాయన థియరీ చెప్తున్నాడు!" మేడమ్ నవ్వింది. చీఫ్ కూడా నవ్వాడు, ఆవిడ నవ్వింది కాబట్టి. "మొత్తం పంపు. రూల్," అందావిడ.

నాలుగున్నరకి ఏజెంట్ మెడలో టేపుతో కుట్టుమిషన్ ముందు కూర్చున్నాడు. పెడల్ కింద లైటు స్విచ్.

ఇయర్‌ఫోన్‌లో మేడమ్: "మొదలుపెట్టవేం? ఆఫీసులో అందరం కంగారుపడుతున్నాం."

ఏజెంట్ తలెత్తాడు. ఎదుటి మేడ మీద మీటర్‌వాడి వెనకాల ఎర్ర స్కార్ఫ్.

నలభై మాటలు చదవాలంటే అరగంట కిటికీ వైపే చూడాలి. ఎవడు చూస్తే వాడే మనవాడు. అదీ ఆవిడ ప్లాను. రెండు డాక్టరేట్లు చదివింది, స్కార్ఫ్ మార్చుకోవాలని మాత్రం తోచలేదు.

ఇయర్‌ఫోన్ పీకేశాడు. ఎప్పుడో అక్క వంటింట్లో కూర్చుని బావా తనూ బట్టీపట్టిన క్షణాలు గంటకి మూడు. ఆ మూడింట్లోనూ లైటు ఆరితే వెంటనే పారిపొమ్మని.

నాలుగు నలభై. నొక్కాడు. నాలుగు నలభై తొమ్మిది. నొక్కాడు. నాలుగు యాభై ఎనిమిది. నొక్కాడు.

మీటర్‌వాడు ఆవలించాడు. వాడికది పాత ట్యూబ్‌లైటే.

వెనక సందులోకి బావ చెత్తబుట్టతో వచ్చాడు.

"ఏరా బామ్మర్దీ, ఆఖరి నిమిషం దాకా ఏం చేస్తున్నావ్?"

"లైటు మామూలుగా కనబడొద్దూ? నడు బావా!"

తిరిగొచ్చిన మేడమ్‌ని ఆఫీసు గేటు దగ్గరే పట్టుకున్నారు, స్కార్ఫ్‌తో సహా.

మర్నాడు చీఫ్ మెమో ఇచ్చాడు: "మెసేజ్ పంపినట్టు ఆధారం చూపించు."

ఏజెంట్ కింద రాశాడు: "ఆధారం మిగిలుంటే మా అక్కకి మొగుడు మిగిలేవాడు కాదు."