గుండ్లకంచెలో ఇళ్ల ధరలు

చెరువు పార్కులో బెంచీ మీద కూర్చుని భూలక్ష్మి ఊపిరి నెమ్మదించే దాకా ఆగింది. నడిచి వచ్చిన వేడి ఒంట్లో ఉండగా లెక్క తీస్తే చెల్లదు. మణికట్టు మీది నాడిపట్టీ పచ్చగా మారింది. అప్పుడు నీళ్ల వైపు చూసింది.

చెరువు సగానికి ఉంది. రెండు బాతులు తిరుగుతున్నాయి. ఒకటి నిజమైనది. గాలి చల్లగా తగిలింది. ఒళ్లు ఎంత మెచ్చుకుందో పట్టీ అంతా రాసుకుంది. ఆమె చెయ్యాల్సింది ఇంకేమీ లేదు. కూర్చోవడమే పని.

వెనక వీధిలో గేట్లకున్న ధరపలకల మీద అంకెలు మారాయి. కాస్త పెరిగాయి. ఏదో మేడ మీద ఎవరో చప్పట్లు కొట్టారు.

పార్కు గేటు దగ్గర మురహరి రావు నిలబడి ఉన్నాడు. ఇంటి యజమానుల సంఘం కార్యదర్శి ఆయన. చేతిలో పన్నీరు బుడ్డి ఉంది. ఆమెను చూసి వెనక్కి పెట్టుకున్నాడు.

"బెంచీ చుట్టూ చల్లారా అండీ?"

"చెట్లకమ్మా. పురుగు పడుతున్నది."

"పన్నీరుకి పురుగు చస్తుందా?"

"చావకుంటే చావకపాయె. వాసనన్న మంచిగుంటది దానికి."

భూలక్ష్మి ఏమీ రాసుకోలేదు. మెప్పరులు కారణాలు రాయరు. వెనకటి రోజుల్లో కెమెరాలు, మైకులు పెట్టి కాలనీల అందం కొలిచేవారు. జనం కెమెరాల ముందు ప్లాస్టిక్ పూలు పెట్టారు, మైకుల పక్కన పిట్టల కూతలు వినిపించారు. దాంతో విలువ మండలి మనిషి ఒంటినే తూకంరాయిగా పెట్టుకుంది. ఆ మనిషే మెప్పరి. చుట్టాలెవరూ లేని పరాయి ప్రాంతం నుంచి రావాలి. భూలక్ష్మిది బొబ్బిలి వైపు పల్లె. ఈ నగరం చివర గుండ్లకంచెకు వచ్చి చాలా ఏళ్లయింది. పార్కు, లైబ్రరీ, మిర్చి బజ్జీల బండి, సాయంత్రం పూట పావురాలు ఎగరేసే మేడ, అన్నింటి దగ్గరా కాసేపు కూర్చుంటుంది. ఆమెకు బాగుంటే చుట్టుపక్కల ఇళ్లకు ధర వస్తుంది. బాగోకపోతే పోతుంది.

మూడో వీధి మలుపు తిరగగానే దగ్గు వచ్చింది. ఎవరో నిప్పుల్లో ఎండుమిరపకాయలు వేశారు. కళ్లు మండాయి. పట్టీ ఎర్రబడింది. గేట్ల మీద అంకెలు దిగాయి.

ఆ వీధిలో అద్దెకున్నవాళ్లే ఎక్కువ. పలక మీద ధర పెరిగితే అద్దె దానంతటదే పెరుగుతుంది. కట్టలేకపోతే నెల తిరగ్గానే వాళ్ల వేలికి తలుపు తెరుచుకోదు. అందుకని మెప్పరి వచ్చే రోజున ఈ పొగ. ధర మరీ దిగినా కష్టమే, వీధిలోకి బస్సు రావడం మానేస్తుంది. కాబట్టి చూసి చూసి వేస్తారు.

కిటికీలోంచి ఒక ఆడగొంతు అడిగింది. "చాలా అక్కా? ఇంకో నాలుగు ఎయ్యాల్నా?"

"చాలమ్మా, చాలు," అంది భూలక్ష్మి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని. "ఇంకా వేస్తే బస్సు పోతుంది."

చెవిలో మండలి నుంచి దివాకరం మాట్లాడాడు. ఈ వార్డు మెప్పరుల మీద అధికారి అతను. మనిషిని ఆమె ఎప్పుడూ చూడలేదు, గొంతే తెలుసు.

"భూలక్ష్మి గారూ, ఇవాళ చివరిది గుండు. ఈ రోజుతో తేలిపోవాలి."

"వెళ్తున్నానండి."

మూడో వీధి చివర ఆ గుండు ఉంది. రెండంతస్తుల మేడంత రాయి. ఒక పక్క పిల్లలు జారీ జారీ నున్నగా అయింది. ఎండగంట మోగాక నగరమంతా తలుపులు వేసుకునే వేళలో కూడా దాని నీడన చల్లగా ఉంటుంది. మండలి దాన్ని ఇంతవరకు ఏ వర్గంలోనూ చేర్చలేదు. ఈ రోజు లెక్క గీత దాటితే అది ఆకర్షణ అవుతుంది, మూడో వీధి ధరలు పార్కు వీధిని అందుకుంటాయి. గీత కింద ఉంటే పగలగొట్టి, ఆ చోట సరుకు డ్రోన్లు దిగడానికి చదును చేస్తారు.

గుండు నీడలో రాజవ్వ ఇస్త్రీ చేస్తోంది. అరవై దాటిన మనిషి. మూడో వీధిలో ఒకే గది అద్దెకు తీసుకుని కొడుకు, కోడలితో ఉంటుంది. భూలక్ష్మిని చూసి చొక్కా తిరగేసింది.

"వచ్చినవా బిడ్డా. మీది పోయెటోళ్లు వచ్చిండ్రు, ఇగ నువ్వొక్కదానివే తక్వ."

"మీది పోయేవాళ్లెవరు?"

"డ్రోన్లు. పొద్దుగాల సంది చుట్టు తిరుగుతున్నయి. జాగ కొలుచుకుంటున్నయేమో." ఇస్త్రీ పెట్టె ఎత్తి పెట్టింది. "మా గల్లీల మస్తు కొట్లాట నడుస్తున్నది. ఈడ గూడ మిరపకాయలు కాల్వాలె అని సగం మంది, వద్దని సగం మంది. నువ్వే చెప్పు. కాల్వాల్నా?"

"కాలిస్తే గుండు పగలగొడతారు."

"గుండు లేకుంటే ఈ ఎండలల్ల నేను బండి యాడ పెట్టాలె? సరే, కాల్వకుంటే?"

"అద్దె పెరుగుతుంది. మీరు కట్టలేరు."

రాజవ్వ ఆమె చేతికున్న పట్టీ వైపు చూసింది. "మంచి కొలువే పట్టినవ్ తల్లీ."

భూలక్ష్మి పట్టీ మీదకు కొంగు లాక్కుంది.

"ఇది మూడో జాగ మాకు," అంది రాజవ్వ. "మేం యాడికి పోతే ఆడ బాగైతది. బాగైనంక మేం పోవాలె. ఈసారి పోయెటందుకు జాగ గూడ లేదు. నా కొడుకు రింగు రోడ్డు దాక తిరిగొచ్చిండు. నువ్వు జర కష్టంగ కూసోరాదు? ఏదన్న చెడ్డది యాది జేస్కో."

"చేసి చూశాను రాజవ్వా. మా ఆయన పోయిన రోజు గుర్తు చేసుకున్నాను, ఒకసారి లైబ్రరీలో. అయినా చల్లగాలికి ఒళ్లు మెచ్చేసుకుంది. దానికి సిగ్గు లేదు."

"గట్లనే ఉంటది," అంది రాజవ్వ.

భూలక్ష్మి నున్నటి రాతి మీద కూర్చుంది. వీపుకు చల్లదనం ఎక్కింది. కొత్త చోటును కొలిచే ముందు మాత్రం పట్టీ ఒక ప్రశ్న అడుగుతుంది. అడిగింది.

"ఈ స్థలం మీద ఆధారపడ్డవారిలో మీకు చుట్టరికం గలవారు ఉన్నారా?"

ఏ చోటైనా లేరు అనేదే జవాబు. నోటికి వచ్చేసిన జవాబు. ఆ మాట ఆమె పెదవి దాకా వచ్చి ఆగింది.

"రాజవ్వా, నేను నీకేమవుతాను?"

"ఏందీ?"

"వరస. ఏం వరస అవుతాను నీకు?"

రాజవ్వ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది. వరస అడిగితే పని చేస్తూ చెప్పకూడదన్నట్టు చేతులు కొంగుకు తుడుచుకుంది.

"మీ అవ్వగారి ఇంటి పేరేంది?"

"గొర్లె వారు."

"అత్తగారోళ్లు?"

"పొట్నూరు వారు."

"రెండూ ఇనలే." కాసేపు ఆలోచించింది. "నీ పెనిమిటి ఏం పని జేసెటోడు?"

"రైలు పట్టాల మీద గ్యాంగులో."

"అగో. నా పెనిమిటి గూడ పట్టాల మీదనే జేసిండు, కాజీపేట దిక్కు. పట్టాలు ఒక్కటే గద. ఇద్దరు అన్నదమ్ములైరి. నువ్వు నాకు యారాలివైతవ్." కొంచెం నవ్వింది. "యారాండ్లకు పడదు గని, సూద్దాం."

"ఉన్నారు," అంది భూలక్ష్మి పట్టీతో. "తోడికోడలు."

చెవిలో దివాకరం వెంటనే వచ్చాడు. "మీ భర్తకు అన్నదమ్ములు లేరని ఇక్కడ ఉందండి."

"ఇప్పుడు ఉన్నారు."

"ఇది రాసుకుంటే ఏమవుతుందో తెలుసు కదా. చుట్టాలున్న చోట మెప్పరి తీసిన పాత లెక్కలు కూడా చెల్లవు. మీ పని పోతుంది. క్వార్టరు పోతుంది."

"తెలుసండి."

"ఒకసారి ఆలోచించుకోండి."

"ఆలోచించాను. రాసుకోండి."

మండలి యంత్రం రాసుకుంది. దాని దగ్గర వరస అనే మాట లేదు, చుట్టరికం అనే మాట ఉంది. ఇద్దరు మనుషులు నోటితో ఒప్పుకుంటే చుట్టరికం ఏర్పడుతుందని ఆ సాయంత్రమే నేర్చుకుంది. నేర్చుకున్నదాన్ని ఊరికే ఉంచుకోలేదు. మెప్పరులందరి నాడిపట్టీల్లో దాచి ఉన్న గొంతులన్నీ మొదటినుంచి విన్నది. గుండ్లకంచెలో భూలక్ష్మిని ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. అక్కా అన్నారు, వదినా అన్నారు, బిడ్డా అన్నారు. పిలిచినప్పుడల్లా ఆమె పలికింది.

మూడో వీధిలో ధరపలకలు ముందు ఆరిపోయాయి. తరవాత బజ్జీల బండి వీధి. తరవాత పార్కు వీధి.

"వేరే వార్డుల్లో కూడా పోతున్నాయి," అన్నాడు దివాకరం. గొంతు మారింది. "ప్రతి మెప్పరినీ జనం ఏదో ఒకటి పిలిచారు. నగరం దాటేలా ఉంది. దీన్ని కొట్టేయాలంటే మీతో ఏ సంబంధమూ లేని అధికారి ఒకరు ఒప్పుకోవాలి. నేను ఒప్పుకుంటాను, ఆగండి. ఉత్తినే పిలిస్తే చుట్టాలైపోతారా అక్కా?"

ఆ చివరి మాటను పట్టీ కూడా విన్నది.

పట్టీ అడిగింది. "ఈ అధికారితో మీ చుట్టరికం?"

"తమ్ముడు," అంది భూలక్ష్మి.

ఆ తరవాత పట్టీ ఏమీ అడగలేదు. ఆమె దాన్ని విప్పి రాతి మీద పెట్టింది. మణికట్టు మీద తెల్లటి చార ఉంది.

"ఏమైనట్టు?" అంది రాజవ్వ.

"ధర లేదు కాబట్టి అద్దె పెరగదు. నీ తలుపు తెరుచుకుంటుంది. లెక్క తేలేదాకా గుండు జోలికి ఎవరూ రారు."

"ఎప్పుడు తేలుతది?"

"ఎవరికీ ఏమీ కాని మనిషి దొరికాక."

"మరి నువ్వు?"

"రేపు క్వార్టరు ఖాళీ చెయ్యాలి."

రాజవ్వ మడిచిన చొక్కాలు మూట కట్టింది. ముడి గట్టిగా బిగించింది. "మాది ఒక్క అర్రనే. నలుగురమైతే ఇరుకు."

"తెలుసు."

"గురక పెడ్తవా?"

"పెడతాను."

"అనుకున్న," అంది రాజవ్వ. మూట ఆమె చేతికిచ్చి బండి తోసింది.

ఇద్దరూ వీధిలోకి వచ్చేసరికి జనం గేట్ల దగ్గర నిలబడి ఉన్నారు. సంతోషించాలో భయపడాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. మలుపు దగ్గర మురహరి రావు తన ఇంటి పలకను అరచేత్తో తడుతున్నాడు. పక్కన ఇల్లు కొనడానికి వచ్చిన పడుచు జంట నిలబడి ఉంది. భర్త ఖాళీ పలక వైపు చూస్తున్నాడు. ఇంతవరకు ఇద్దరూ పలకనే చూశారు, ఇంటిని చూడలేదు.

"ఎంతండీ ఇప్పుడు?" అని అడిగాడు.

మురహరి రావు పలకను ఇంకోసారి తట్టాడు. ఎంతో ఆయనకూ తెలియదు. ఎప్పుడూ తెలియదు, పలకే చెప్పేది.

భార్య గేటులోంచి లోపలికి తొంగి చూసింది. వరండా చూసింది. గోడ మీది చెమ్మ చూసింది.

"వానొస్తే కారుతుందా బాబాయ్ గారూ?" అంది.

మురహరి రావు ఆమె వైపు తిరిగాడు. పలక మీంచి చెయ్యి తీశాడు.

"వంటింట్ల," అన్నాడు. "పొయ్యి మీద."