చీటీ రాసే డాక్టరు

ఆ ఇంట్లో పొద్దున్నే మొదట వినిపించేది కింద మందుల షాపు షట్టరు పైకి లేచే చప్పుడు. ఆ షాపు ఇల్లాలిదే. మందుల చదువు చదివి, పెళ్ళయిన కొత్తలోనే పెట్టుకుంది. భర్త కారు డ్రైవింగ్ నేర్పుతాడు. మొదటి స్టూడెంటు వచ్చేలోగా కౌంటరు ఇవతల నిలబడి టీ తాగడం, ముందురోజు ఎవరు ఏ గోడని గుద్దబోయారో చెప్పి భార్యని నవ్వించడం ఆయనకి అలవాటు.

"నిన్నొకావిడ బ్రేక్ తొక్కమంటే హారన్ కొట్టిందోయ్. తను ఆగేదేంటి, జనమే తప్పుకోవాలట!"

ఆమె నవ్వబోయి ఆగింది. పైనుంచి చిన్ని గొంతు సవరించుకోవడం వినిపించింది. కొన్నాళ్ళుగా ఆ గొంతు బొంగురుపోతోంది.

"ఐసునీళ్ళు తాగొద్దంటే వింటుందా అది?" అన్నాడాయన. బయట స్టూడెంటు పిలవడంతో గ్లాసు అక్కడే పెట్టేసి వెళ్ళాడు.

చిన్ని వాళ్ళకి ఒక్కగానొక్క బిడ్డ. పుట్టినప్పుడు ఆడపిల్ల అన్నారు, ఆడపిల్లలాగే పెంచారు. చదువయ్యాక కళ్ళద్దాలు తయారుచేసేచోట ఉద్యోగం దొరికింది. అద్దాలని కొలత ప్రకారం అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని. కిందటేడు ఒకరోజు భోజనాల దగ్గర తాను ఆడపిల్లని కాననీ, ఊహ తెలిసినప్పటినుంచీ మగవాణ్ణనే తనకి తెలుసుననీ, ఇకనుంచి అలాగే బతుకుతాననీ చెప్పాడు. తండ్రి కంచం ముందునుంచి లేచి వెళ్ళిపోయాడు. తల్లి ఏడ్చింది. ఆ తర్వాత ముగ్గురూ ఆ మాట ఎత్తకుండా రోజులు నెట్టుకొస్తున్నారు. చిన్ని జుట్టు కత్తిరించుకున్నా, చొక్కాలు వేసుకున్నా పెద్దవాళ్ళిద్దరూ చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

మెట్లు దిగి షాపులోకి వచ్చిన చిన్ని గోడ పట్టుకుని ఆగాడు. మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

"కళ్ళు తిరుగుతున్నాయమ్మా" అంటూనే కూలబడ్డాడు.

తల్లి కౌంటరు తలుపు తోసుకుని ఒక్క ఉదుటున వచ్చింది. నీళ్ళు చల్లి, కుర్చీలో కూర్చోబెట్టి, షాపులో ఉన్న మిషనుతో బీపీ చూసింది. ఆ వయసుకి ఉండకూడనంత ఉంది. బిడ్డ మొహాన్ని అంత దగ్గరగా చూసి ఆమెకి చాలా రోజులయింది. బుగ్గల మీద కొత్తగా లేచిన మొటిమలు, పెదవి మీద సన్నని నూగు, ఆ గొంతు. ఏళ్ళ తరబడి మందులతో కాపురం చేసిన మనిషికి అంతకన్నా ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఏం వేసుకుంటున్నావే?"

చిన్ని తల దించుకున్నాడు.

"నిన్నే అడిగేది. ఏం ఇంజెక్షను? ఎవడిచ్చాడు?"

"జిమ్ దగ్గర ఒకడు అమ్ముతాడు. కండలు పెంచేవాళ్ళందరూ వాడి దగ్గరే కొంటారు."

"సీసా మీద ఏం రాసుంది?"

"ఏం లేదు. లేబులు చించి ఇస్తాడు."

"ఎంత పడితే అంత పొడుచుకుంటున్నావా? నీకు బుద్ధుందా? చీటీ లేకుండా అలాంటి మందు..."

"చీటీ ఎవరు రాస్తారమ్మా?" చిన్ని గొంతు రెండుగా చీలింది. "తిరగలేదనుకున్నావా? ఒకాయన, పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయన్నాడు. ఒకావిడ, ముందు మానసిక వైద్యుడి దగ్గరికెళ్ళి రమ్మంది. వెళ్ళాను. ఆయన చాలాసార్లు కూర్చోబెట్టి మాట్లాడాడు. మతి శుభ్రంగా ఉంది, హార్మోన్లు మొదలుపెట్టొచ్చన్నాడు. తిరిగి ఆవిడ దగ్గరికెళ్తే, 'ఇలాంటివి మేం చూడం' అంది. మరి ముందెందుకు పంపినట్టు? ఇంకోచోట డాక్టరు నన్ను కూర్చోబెట్టి పక్క గదుల్లోవాళ్ళని పిలిచాడు, వచ్చి చూసిపొమ్మని. అందరూ చూశారు. మందు మాత్రం ఎవరూ రాయలేదు."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"నిన్ను అడిగానమ్మా. మందు నీ బీరువాలోనే ఉందిగా, ఇవ్వమన్నాను. చీటీ లేందే నా షాపులో దగ్గుబిళ్ళ కూడా పుట్టదన్నావ్. నవ్వి, అటు తిరిగావ్."

అది ఆమె అందరితో అనే మాటే. అంటూ గర్వపడేది కూడా. ఆవేళ బిడ్డతో ఆ మాట అనడానికి కారణం మాత్రం గర్వం కాదు, ఆ మాట అడ్డం పెట్టుకుంటే మిగతాది వినక్కర్లేదు కనక. ఇప్పుడు కుర్చీ పక్కన నేలమీద కూర్చుని బిడ్డ మోకాలి మీద తల ఆనించింది.

రక్తపరీక్షలో ఆమె భయపడిందే వచ్చింది. రక్తం చిక్కబడిపోయింది. ఇలాగే సాగితే గడ్డకట్టి ఎక్కడో అక్కడ అడ్డం పడుతుంది.

"మానెయ్. ఇవాళే మానెయ్" అంది.

"మానేస్తే మళ్ళీ మొదటికొస్తానమ్మా. అద్దంలో ఇప్పుడిప్పుడే నన్ను నేను గుర్తుపడుతున్నాను."

"మానకపోతే చూసుకోవడానికి నువ్వే ఉండవురా!"

ఆ "రా" ఆమె నోట ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు. చిన్ని తల్లి మొహంలోకి చూశాడు. "సరే, మానేస్తాను. చీటీ రాసే డాక్టర్ని నువ్వు వెతికిపెట్టు" అన్నాడు.

ఆమె ముందుగా వెళ్ళింది పక్క వీధిలో ఉన్న పెద్ద డాక్టరు దగ్గరికి. చిన్నికి చిన్నప్పుడు జ్వరాలు తగ్గించినాయన. ఆయన రాసిన చీటీల్లో సగం ఆమె షాపుకే వస్తాయి. ఆ కోడిగీతలు చదవగలిగేది ఆమె ఒక్కతే అని ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. ఈసారి ఆయన నవ్వలేదు. అంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నువ్వు కూడా ఇలా వస్తావనుకోలేదమ్మా. దానికి నాలుగు చివాట్లు పెట్టి ఓ సంబంధం చూడండి."

"ఈ మందు మీరు రాయంది కాదుగా డాక్టరుగారూ? హార్మోను తగ్గిన మగవాళ్ళకి రాస్తారు. ఆ చీటీలు నా దగ్గరికే వస్తాయి."

"మందు అదే. మనిషి వేరు."

"ఆ మనిషి నా బిడ్డ. మీరు రాయకపోతే జిమ్ వాడు ఇస్తున్నాడు. చూస్తామంటే చూడండి, లేకపోతే చూసేవాళ్ళెవరో చెప్పండి."

ఆయన బెల్ కొట్టి తర్వాతి రోగిని పిలిచాడు.

ఆ తర్వాత ఆమె తనకి తెలిసిన డాక్టర్లందరికీ ఫోన్లు చేసింది. కొందరు చాలా మర్యాదగా లేదన్నారు. కొందరు తర్వాత మాట్లాడతామన్నారు, మాట్లాడలేదు. షాపుకొచ్చే ఆడవాళ్ళలో ఒకరిద్దరు ఆమెని చూడగానే మాట మధ్యలో ఆపేయడం మొదలుపెట్టారు.

ఒక సాయంత్రం భర్త మామూలుకన్నా ముందే ఇంటికొచ్చాడు. తాళాల గుత్తి బల్ల మీదికి విసిరాడు.

"పెద్ద డాక్టరు ఫోన్ చేశాడు. మీ ఆవిడకి కాస్త నచ్చజెప్పవయ్యా అంటున్నాడు! ఊళ్ళో డాక్టర్లందరినీ నువ్వు అడుక్కుంటున్నావట. నాకు తెలీకుండా!"

"తెలిస్తే ఏం చేసేవాళ్ళు? కంచం ముందునుంచి లేచి వెళ్ళిపోయేవాళ్ళు. కిందటేడు వెళ్ళినట్టు."

"షాపునిండా మందులున్నాయి. దాని బుర్రకి పనికొచ్చేది ఒక్కటి లేదా?"

"దాని బుర్రకి ఏ జబ్బూ లేదు! ఆ సంగతి చూడాల్సిన డాక్టరు చూసి చెప్పాడు. జబ్బు చేసింది రక్తానికి. ఎందుకు చేసింది? చదువుకున్న డాక్టర్లు మొహం తిప్పుకుంటే, చదువులేని వాడెవడో పేరులేని సీసా చేతిలో పెట్టాడు. మొహం తిప్పుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. మీరూ ఉన్నారు."

"నేనేం చేశానని?"

"ఏమీ చెయ్యలేదు. అదే చేశారు."

లోపలి గదిలోంచి చిన్ని వచ్చాడు. "నా గురించి మీరిద్దరూ కొట్టుకోకండి. నేను వేరే గది చూసుకుంటాను" అన్నాడు నెమ్మదిగా.

"వెళ్ళి ఏం చేస్తావ్?" తండ్రి కేకేశాడు. "మళ్ళీ వాడి దగ్గరే కొంటావా? పడిపోతే పట్టుకునేవాళ్ళు కూడా లేకుండా చస్తావా?"

"ఇక్కడుంటే బతుకుతానా నాన్నా?"

చిన్ని అరవలేదు, ఏడవలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు. ఎంత మొండి స్టూడెంటునైనా నవ్వుతూ దారికి తెచ్చే మనిషి, తాళాలు తీసుకుని బయటికెళ్ళి, ఆగి ఉన్న కారులో స్టీరింగ్ ముందు చాలాసేపు ఊరికే కూర్చున్నాడు.

డాక్టరు దొరికింది ఏ ఫోనువల్లా కాదు. థైరాయిడ్ బిళ్ళలకి వచ్చిన ఒక టీచరమ్మ చీటీ అందిస్తూ, "మా డాక్టరమ్మ తమాషా మనిషండీ. తెలీకపోతే తెలీదనే చెప్తుంది. చూసి చెప్తానంటుంది, నిజంగానే చూసి చెప్తుంది" అంది. చిన్ని తల్లి ఆ చీటీ మీదున్న ఆసుపత్రి పేరు చూసుకుంది. ఊరికి అవతలి కొసన ఉంది.

వెళ్ళాల్సిన రోజు తల్లీ బిడ్డా బస్సుకి బయల్దేరుతుంటే గుమ్మం ముందు కారు ఆగి ఉంది. ఆయన అద్దం తుడుస్తున్నాడు.

"ఎక్కండి. ఈ టైములో బస్సులు ఖాళీ ఉండవు" అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా.

ఆసుపత్రి దగ్గర ఆయన దిగలేదు. డాక్టరమ్మ నడివయసు మనిషి. చిన్ని చెప్పిందంతా మధ్యలో ఆపకుండా వింది. రక్తపరీక్ష కాగితాలు చూసి పెదవి విరిచింది.

"నీకు అబద్ధం చెప్పను. నీలాంటి పేషెంటుకి ఈ వైద్యం నేనెప్పుడూ చెయ్యలేదు" అంది.

చిన్ని అప్పుడే లేవబోయాడు.

"కూర్చో. చెయ్యలేదన్నాను, చెయ్యనన్లేదు. హార్మోన్లే నా చదువు. ఈ వైద్యం చేసే డాక్టర్లు వేరే ఊళ్ళలో ఉన్నారు. వాళ్ళని అడుగుతాను, చదువుతాను. ఈలోగా నువ్వు ఆ సీసా ముట్టుకోకూడదు. రక్తం మామూలుకి వచ్చాక మొదలుపెడదాం." పెన్ను తీసి ఆగింది. "ఏమని పిలవమంటావ్?"

చిన్ని తల్లివైపు చూశాడు. "చిన్ని అనే పిలవండి. మా ఇంట్లో అలాగే పిలుస్తారు."

తల్లి చేతిసంచీలో ఏదో వెతుక్కుంటున్నట్టు తల దించుకుంది.

ఆ మధ్యకాలం ఇంట్లో అందరికీ కష్టంగానే గడిచింది. చిన్ని చిన్నచిన్న వాటికే విసుక్కునేవాడు, అద్దం ముందు నిలబడేవాడు కాదు. పనిచేసేచోట రెండు జతల అద్దాలు పాడుచేశాడు. జిమ్ వైపు మాత్రం వెళ్ళలేదు. తల్లి పక్కనుండి పరీక్షలకి తీసుకెళ్ళేది. తండ్రి మాట్లాడేవాడు కాదు గానీ ప్రతిసారీ కారు గుమ్మం ముందే ఉండేది.

రక్తం కుదుటపడిందని తెలిసిన రోజు ఆయన కారు ఆపి, తాళం తీసి, వాళ్ళ వెనకాలే మెట్లెక్కాడు. డాక్టరమ్మ గదిలో గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"కూర్చోండి" అందామె. "తనకి వయసొచ్చింది కాబట్టి మీ సంతకం నాకక్కర్లేదు. అడగాల్సింది ఏమన్నా ఉంటే అడగండి."

"నాకీ మందుల సంగతి తెలీదమ్మా" అన్నాడాయన. "కారు నేర్పేవాణ్ణి. ప్రాణానికేం కాదు కదా?"

"ఏ మందుకైనా కొంత భయం ఉంటుంది. మళ్ళీ రక్తం చిక్కబడొచ్చు. అందుకే తక్కువతో మొదలుపెడుతున్నాను. మూణ్ణెల్లకోసారి పరీక్ష చేస్తాను, తేడా వస్తే తగ్గిస్తాను. ఇంకోటి కూడా చెప్పాలి. ఆ గొంతు మళ్ళీ వెనక్కి రాదు. ఇవన్నీ తనతో మాట్లాడాను. తను ఆలోచించుకునే వచ్చాడు."

ఆయన చిన్నివైపు తిరిగాడు. "భయంగా లేదా?"

"ఉంది నాన్నా. మొన్నటిదాకా ఒక్కణ్ణే భయపడ్డాను."

తండ్రి కళ్ళు తుడుచుకున్నాడు. కుర్చీ లాక్కుని చిన్ని పక్కన కూర్చున్నాడు.

డాక్టరమ్మ చీటీ రాసింది. తల్లి దాన్ని అక్కడే, అలవాటుగా, మందు పేరూ మోతాదూ సరిచూసుకుంటూ చదివింది. ఎన్నో వేల చీటీలు చదివిన కళ్ళకి అక్షరాలు మసకబారి, మళ్ళీ మొదటినుంచి చదవాల్సి వచ్చింది. నర్సు ఇంజెక్షను ఇచ్చింది. చిన్ని "అయిపోయిందా?" అన్నాడు, నమ్మలేనట్టు.

ఇంటికి వస్తుంటే ఎండ తగ్గింది. ముందు సీట్లో ఆమె, వెనక సీట్లో చిన్ని. ఊరి వంతెన దాటాక వెనకనుంచి మాట వినిపించలేదు. ఆమె తిరిగి చూసింది. తల కిటికీ అద్దానికి ఆనించి, నోరు కొద్దిగా తెరిచి, ఒళ్ళు తెలీకుండా నిద్రపోతున్నాడు. అలా నిద్రపోగా ఆమె చూసి ఎన్నాళ్ళయిందో.

వెనకాల ఎవరో తొందరగా వెళ్ళమని హారన్ మీద హారన్ కొడుతున్నారు. రోడ్డు ముందంతా ఖాళీగానే ఉంది. అయినా ఆయన వేగం పెంచలేదు.

"పక్కకి తీసి వాళ్ళకి దారివ్వండి, పోతారు" అంది ఆమె.

"ఇస్తాలే, ఆ గతుకులు దాటనీ" అన్నాడాయన మెల్లగా, అద్దంలోంచి వెనక సీటువైపు చూస్తూ. "కుదుపుకి వాడు లేస్తాడు."

ఆమె భర్తవైపు చూసింది. తను ఏమన్నాడో ఆయన గమనించినట్టు లేదు. రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని, ఒక్కో గతుకునీ తప్పిస్తూ, దారినే చూస్తున్నాడు. ఆమె మొహం కిటికీవైపు తిప్పుకుని, చప్పుడు కాకుండా, ఇల్లు వచ్చేదాకా ఏడుస్తూనే ఉంది.