లామినేషన్ చేసిన కార్డు

పొద్దున్నే పొయ్యి మీద టీ మరుగుతుంటే శ్రీధర్ ఫోన్ టింగుమంది. చూసి పక్కన పడేశాడు. భార్య హేమలత తీసి చదివింది. క్రెడిట్ కార్డుకు ఏడాది ఫీజు కట్టాలట. మూడేళ్లలో ఆ కార్డుతో అగ్గిపెట్టె కూడా కొన్న పాపాన పోలేదు, ఫీజు మాత్రం ఠంచనుగా తయారు!

సారపాక కాగితం మిల్లులో శ్రీధర్ చేసే జామాయిల్ కర్ర దింపే పని ఆగిపోయి రెండు నెలలైంది. పాలు మానేసి నల్ల టీతో సరిపెట్టుకుంటున్న ఇంట్లో ఈ దండగేమిటని ఆమెకు ఒళ్లు మండింది.

“ఇయ్యాల ఫోన్ చేసి బంద్ చేయించు,” అంది.

“ఏమన్న అడుగు, దాని జోలికి మాత్రం రాకు.”

“ఎందుకు రావద్దు? నువ్వు వాడవు, నన్ను వాడనియ్యవు!”

శ్రీధర్ ఆమె చేతిలోని ఫోన్ లాక్కున్నాడు. “పని లేదు, చేతిల పైస లేదు. రేపు ఇంట్ల ఎవలికన్న పానం మీదికొస్తే ఏం జేయాలె? మళ్లా ఊరంతా ఉరకమంటవా?”

ఊరంతా ఉరికిన ఆ రోజు హేమలతకు గుర్తొచ్చింది. మూడేళ్ల కిందట ఖమ్మంలోని ఓ ప్రైవేటు దవాఖానాలో మామ తుల్సీరాంను చేర్చుకోవడానికి ముందు డబ్బు కట్టమన్నారు. శ్రీధర్ తెలిసినవాళ్ల గడపలన్నీ తొక్కి డబ్బు తెచ్చేసరికి ముసలాయన లేడు. నెల తిరగకముందే అతను ఈ కార్డు తీసుకున్నాడు. ఇది ఆ రోజే ఉంటే తండ్రి బతికేవాడని అతని బాధ. ఆ చావు మాట నోట రానివ్వడు, నవ్వడం మరిచిపోయాడు. నిజానికి ఫీజు ఒక వంక. హేమలతకు కావలసింది మునుపటి మొగుడు.

బీరువాలోంచి కార్డు తెచ్చి ముందు పెట్టింది. ఆధార్, రేషన్ కార్డులతో పాటు దాన్ని కూడా జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించాడు మహానుభావుడు.

“ఇది ఏ మిషన్ల దూరుతదో చెప్పు! ఇన్నేండ్లు దీన్ని నమ్ముకున్నవా?”

శ్రీధర్ దాన్ని తిప్పి తిప్పి చూశాడు. ఆ సంగతి అతనికి ఇన్నాళ్లూ తట్టనేలేదు. గోళ్లతో ప్లాస్టిక్ చింపబోయాడు, రాలేదు. పళ్లతో లాగాడు, అయినా రాలేదు. నవ్వుకోవలసిన చోట హేమలతకు ఏడుపొచ్చింది.

గడపలో కూర్చున్న శ్రీధర్ తల్లి బాలి లేచొచ్చి కార్డు లాక్కుంది.

“ఇడువు బిడ్డా! నువ్వు పైసలకు పోయి గేటు దాటలే, అప్పుడే పోయిండు మీ నాయిన.”

“ఏందే యాడీ, నువ్వనేది?” శ్రీధర్ అమ్మ భుజాలు పట్టుకున్నాడు.

“అవ్. లక్షలు పోసినా పానం ఆగేది కాదని డాక్టర్ చెప్పిండు. నువ్వు పక్కనుంటనంటే జల్దీ పో అని తరిమింది నేనే గదా! నీకు కడసారి చూపు లేకుండ చేసిన. ఆ మాట చెప్పలేక నోరు కుట్టుకున్న. గిట్ల నిన్ను తింటదని నాకేమెరుక?”

శ్రీధర్ తల్లి కాళ్ల దగ్గర కూలబడి, మూడేళ్ల ఏడుపు ఒక్కసారే ఏడ్చాడు. “నన్ను తిట్టు బిడ్డా,” అంటూ బాలి కింద కూర్చుని కొడుకు తలను ఒళ్లోకి తీసుకుంది. పొయ్యి మీద టీ ఇగిరిపోయినా హేమలత కదల్లేదు.

చాలాసేపటికి అతనే ఫోన్ అందుకుని బ్యాంకుకు చేశాడు.

“కార్డు ఎందుకు క్లోజ్ చేస్తున్నారు సార్?” అడిగింది అటువైపు అమ్మాయి.

శ్రీధర్ హేమలత చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“మా నాయిన కోసం తీసుకున్న మేడం,” అన్నాడు. “ఆయన పోయిండు.”