నాలుగో బావి కొలత

కాస్త దగ్గరికి జరగండి, ఇది గొంతెత్తి చెప్పే సంగతి కాదు. పైవాడు వింటున్నాడు, ఉన్నది ఉన్నట్టే చెబుతాను.

అది మూతబడ్డ పెట్రోలు బంకు. నేలలోని పాత ట్యాంకులు తీసేసి ఏడేళ్ళయింది. వాటినుంచి కారిన చమురు భూగర్భజలంలో ఎంతదాకా పాకిందో చూడటానికి నాలుగు సన్నటి గొట్టపు బావులు వేశారు. నెలనెలా కొలిచేది మా బావ. ఆ నెల ఆఖరి కొలతకు సాక్షి సంతకం పెట్టమని నన్ను రమ్మన్నాడు. అది పడితే బావులు పూడ్చేస్తారు. ప్రహరీ అవతలే బావ ఇల్లు. ఏడో నెల కడుపుతో ఉన్న మా అక్క తాగేది అక్కడి బోరు నీళ్ళే.

మబ్బు పట్టిన సాయంత్రం. మూడు బావులు కొలిచాం. నాలుగోదాని తాళం తుప్పుతో బిగుసుకుపోయింది. బావ కొలతల పుస్తకంలో మాత్రం మూడు నెలలుగా ఒకటే మాట: ఇరవై రెండడుగుల్లో నీళ్ళు, చమురు లేదు.

"తాళం తియ్యకుండానే కొలిచావా బావా? మంత్రాలేమైనా వచ్చా?"

"మీ అక్క నోరే నీకూ వచ్చింది. సంతకం పెట్టు, పోదాం."

ఆ మాట అంటూ బావ నవ్వలేదు. నా కళ్ళలోకి చూడనూ లేదు. నాకు అనుమానం ముదిరింది. రాయి తీసుకుని తాళం పగలగొట్టి మూత తీశాను.

పెట్రోలు వాసన రాలేదు. తడిసి ఆరని జుట్టు వాసన.

కొలత టేపు చివర ఇనప కడ్డీ ఉంటుంది. నీళ్ళు తగిలితే పైన చేతిలో ఉండే బ్యాటరీల పెట్టె ఆగి ఆగి కూస్తుంది, చమురు తగిలితే ఆగకుండా కూస్తుంది. ఇరవై రెండడుగుల దగ్గర కూసింది. ఆగకుండా.

పైకి లాగాను. కూత ఆగాలి కదా... ఆగలేదు. పద్దెనిమిది... పన్నెండు... ఆరు... కడ్డీని పట్టుకుని ఏదో ఎక్కి వస్తున్నట్టు.

"అందుకే తెరవలేదురా," బావ గుసగుసగా అన్నాడు. "మూసెయ్."

కడ్డీ బయటికొచ్చింది. పొడిగా ఉంది. ఇంకా కూస్తోంది. దేవుణ్ణి తలచుకుని బ్యాటరీలు పీకి గుప్పిట బిగించాను. అప్పుడు ఆగింది. పెట్టెను సంచిలో పడేశాను.

"అక్కను ఇప్పుడే మా ఇంటికి తీసుకెళ్తా," అన్నాను. బావ అప్పటికే ఇంటివైపు నడుస్తున్నాడు.

గుమ్మంలోనే అక్క రెండు గ్లాసుల నీళ్ళతో ఎదురొచ్చింది. బావ ముట్టలేదు. ఈమధ్య ఆ ఇంట్లో బావ నీళ్ళు తాగగా చూడలేదని అప్పుడు తట్టింది నాకు.

"నువ్వూ తాగకక్కా."

"ఇప్పుడేగా చెంబెడు తాగాను. మొహాలేంటి అలా ఉన్నాయి ఇద్దరివీ?" అంటూ నా పక్కకొచ్చింది.

సంచిలో పెట్టె కూసింది. ఆగకుండా.

"అదేం కూతరా..." అక్క కడుపు మీద చెయ్యేసుకుంది. "అది వినగానే లోపల తన్నడం మొదలైంది."

బ్యాటరీలు ఇంకా నా గుప్పిట్లోనే ఉన్నాయి.