ఊకెనే చేసిన ఫోన్

...అబద్ధానికి కూడా మొదటి దమ్మొకటి ఉంటుంది కాబోలు. అది పీల్చాక మిగతావి వాటంతటవే వస్తాయి. తమ గిన్నెల దుకాణంలో గల్లాపెట్టె దగ్గర కూర్చున్న నిఖిలేష్ మనసు మధ్యాహ్నం నుంచీ ఈ మాట చుట్టే తిరుగుతోంది. బేగంబజార్‌లో స్టీలు గిన్నెల మోత ఎక్కువ. ఆ మోతలో ఎవరి మనసు చప్పుడూ పక్కవాడికి వినపడదు.

సిగరెట్ మానేశాడు. నిజంగానే మానేశాడు. తాగాలనే కోరిక కూడా చెప్పాపెట్టకుండా వెళ్లిపోయింది. పంచాయితీలు పెట్టే చుట్టం ఖాళీ చేసిన గదిలా లోపల గాలి ఆడుతోంది. అందరికీ చెప్పి సంబరపడాల్సిన సంగతే. కానీ చెబితే మనస్వినికి ఫోన్ చేయడానికి సాకు ఉండదు.

ఫోన్ తీసి నొక్కాడు.

“వచ్చింది,” అన్నాడు.

“మళ్లీనా?” ఆమె గొంతులో అలసట. “సరే, విను. ఇయ్యాల మా మేనేజర్ లిఫ్టుల ఇరుక్కున్నడు...”

ఆమె చెబుతూ పోయింది. అతను కళ్లు మూసుకొని విన్నాడు.

ఇదంతా ఉప్పుగూడలో డానియేలు పెట్టిన పద్ధతి. రైల్వేలో చేసి రిటైరైన ఆయన ఒకప్పుడు తానూ పొగబండే. ప్రతి ఆదివారం సాయంత్రం సిగరెట్, బీడీ మానాలనుకునేవాళ్లు ఆయన మిద్దె మీద కూడుతారు. ఇద్దరిద్దరిని తోడు కలుపుతాడాయన. కోరిక పుట్టగానే తోడుకు ఫోన్ చేసి ‘వచ్చింది’ అనాలి. అవతలివాళ్లు నీతులు చెప్పకూడదు. అది పోయేదాకా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండాలి, అంతే. అక్కడ చాయ్ దొరకదు. చాయ్ వెనకాలే సిగరెట్ నడిచొస్తుందని ఆయన భార్య రాజమణి అందరికీ అల్లం మజ్జిగ పోస్తుంది.

నిఖిలేష్ మొదటిసారి వెళ్లినరోజు వాన. తడిసిన చొక్కాతో కూర్చోగానే పక్కనున్న అమ్మాయి కుర్చీ జరుపుకుంది.

“జర అటు కూసో. నీ షర్టు నుంచి నా బ్రాండ్ వాసనొస్తుంది.”

“మీరు... తాగుతరా?”

“ఏం, ఆడోళ్లకు ఊపిరితిత్తులు ఉండవా? ఆడిట్ టైముల ఆఫీస్ టెర్రస్ మీద అలవాటైంది. అమ్మకు తెల్వదు. తెలిసే లోపల మానాలె.”

డానియేలు ఆ రెండు కుర్చీల మధ్య దూరం చూసి నవ్వాడు. “మీరిద్దరు తోడు,” అన్నాడు.

ఆ తర్వాతి ఆదివారాల్లో కుర్చీలు దగ్గరయ్యాయి. అతని ‘మీరు’ కూడా ‘నువ్వు’ అయింది. అందుకే ఆ ఫోన్ తర్వాత వచ్చిన ఆదివారం డానియేలు అన్న మాట నిఖిలేష్‌కు వెంటనే అర్థం కాలేదు.

“ఇగ నుంచి నీ తోడు బీరయ్య.”

బీరయ్య లారీ డ్రైవరు. బీడీ మానినప్పటి నుంచి అతను మాట్లాడేదల్లా తన బర్రెల గురించే.

“ఎందుకు అంకుల్?”

“నేనే అడిగిన,” అంది మనస్విని, మజ్జిగ గ్లాసులోకి చూస్తూ. “నా మాటల పస లేదు. అందరికి తగ్గుతుంటే నీకు ఎక్కువైతుంది. నువ్వే గంత తిప్పల పడుతున్నవని నాకొచ్చినప్పుడు నీకు చేస్తలేను. మొన్న బస్టాప్ కాడ పాన్ డబ్బాల సిగరెట్ కొన్న. ముట్టియ్యలే, నాలాల పారేసిన. ఇంకోసారి ఆగుతనో లేదో.”

నిఖిలేష్ తన మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. తాను దాచుకున్నది ప్రేమ అనుకున్నాడు. అవతల అది ఆమె చేతిలో సిగరెట్ అయింది.

లేచి నిలబడ్డాడు. “ఆమె తప్పేం లేదు అంకుల్. నాకు మస్తు దినాల సంది వస్తలేదు. వచ్చిందని అబద్ధం చెప్పిన.”

“రాకుంటె మంచిదే గదా,” అన్నాడు బీరయ్య. “దాచుడెందుకు? బర్రె ఈనితే దాస్తరా ఎవరన్నా?”

“చెప్తే... ఈమెతోని మాట్లాడుడు బంద్ అయితదని.”

రాజమణి చేతిలో గరిటె ఆగింది. ఎవరో ఈల వేశారు. మనస్విని నవ్వలేదు.

“అంటే నేను పండ్లు బిగబట్టి కథలు చెప్తుంటే, నువ్వు కాలు మీద కాలేసుకొని రేడియో విన్నట్టు విన్నవ్.”

“అవ్.”

“అవ్ అంట.” బ్యాగ్ తీసుకొని మెట్లు దిగి వెళ్లిపోయింది.

కోరిక పోయినవాళ్లకు చప్పట్లు కొట్టడం అక్కడి ఆచారం. పద్ధతి పద్ధతే అని అందరూ కొట్టారు. చప్పట్లకు తల వంచుకున్న మనిషిని ఆ మిద్దె చూడటం అదే మొదటిసారి.

ఆ తర్వాత ఫోన్లు లేవు. ఖాళీ చేసి వెళ్లిన ఆ చుట్టం, కోరిక, మాత్రం తిరిగొచ్చింది. ఒక వాన సాయంత్రం దుకాణం మూస్తుంటే, ఎదురుగా ఎవరో ముట్టించిన సిగరెట్ వాసనకు నిఖిలేష్ కాళ్లు పాన్ డబ్బా దాకా నడిచాయి. ఫోన్‌లో మనస్విని పేరు మీద వేలు పెట్టి, తీసేశాడు. బీరయ్యకు చేశాడు.

“వచ్చిందన్నా.”

“నిజంగనా?”

“ఈసారి నిజంగనే.”

బీరయ్య నల్ల బర్రె అలకతో మొదలుపెట్టి తెల్లమచ్చ దాని దొంగతనాల దాకా వచ్చేసరికి కోరిక వానలో కొట్టుకుపోయింది. నిఖిలేష్ తడుస్తూ నవ్వాడు. ఆమె లేకుండా గెలిచాడు. చేతికర్రగా అక్కరలేని మనిషి ఇంకా కావాలనిపిస్తోందంటే, ఆ కావాలనుకోవడం వేరే.

కొన్నాళ్లకు మంచి గిరాకీ వేళ ఫోన్ మోగింది.

“వచ్చింది,” అంది మనస్విని. “డబ్బా ముందర నిలబడ్డ. నీ మీద కోపం పోలేదు. అయినా నీకే చెయ్యాలనిపించింది.”

అతనికి కథలు రావు. చుట్టూ చూశాడు. గిన్నె కొనేముందు వేలితో కొట్టి చప్పుడు వినడం ఈ బజారు అలవాటు. ఒకదాన్ని కొట్టి ఫోన్ దగ్గర పెట్టాడు.

“ఇదేంది చెప్పు.”

“బిందె?”

“తాంబాళం. గిది?”

“గంజు.”

“గిది?”

“ఏమో, నీ తలకాయ,” అంటూ ఆమె నవ్వింది.

తండ్రి సోమశేఖర్ కళ్లద్దాల మీంచి చూశాడు. “దుకాణమారా, బ్యాండ్ మేళమా?” అని గిరాకీ వైపు తిరిగాడు. నిఖిలేష్ వరసంతా వాయించేశాడు.

“పోయింది,” అంది ఆమె చివరికి. “నాతోని అయింది నిఖిలేష్. బస్సు గూడ పోయింది, పోనీ.” ఆ గొంతులో గెలుపు గిన్నెల కన్నా గట్టిగా మోగింది.

మర్నాడు సాయంత్రం నిఖిలేష్ ఫోన్ చేతిలో పట్టుకొని తన లోపల వెతుక్కున్నాడు. కోరిక లేదు. సాకూ లేదు. సాకు లేకుండా ఫోన్ చేయడం సిగరెట్ మానడం కన్నా కష్టమని అప్పుడే తెలిసింది. నొక్కాడు.

“వచ్చిందా?”

“రాలేదు.”

“మరి?”

“ఊకెనే. నీ గొంతు వినాలని చేసిన.”

అవతల బస్సు హారన్, కండక్టర్ కేక.

“గీ మాట చెప్పనీకి గన్ని దినాలా?” అంది మెల్లగా. “శాలిబండల దిగుత. చాయ్ తాగుదమా? ఉత్త చాయ్.”

“నాయినా, జర గల్లా చూస్కో,” అని నిఖిలేష్ చెప్పులు వేసుకున్నాడు.