పళ్ల డాక్టరు కుర్చీలూ, బొబ్బిలి వీణా

పదిహేడో తేదీ పొద్దున్న ఆ పెద్దమనిషి మెట్లెక్కి వచ్చి, కుర్చీలో కూర్చోకముందే బల్ల మీద వేళ్లతో తట్టి చెవి వంచి విన్నాడు.

"టేకని సెప్పి అమ్మీసుంటారమ్మా మీకు. ఇది మావిడి," అన్నాడు. అప్పుడు తను భయపడుతున్న సంగతి గుర్తొచ్చినట్టుంది, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "నా మీద ఎవుడో పగబట్టీసినాడు. మీరే కాపాడాల."

శ్రీకాకుళంలో మిక్సీలు బాగుచేసే దుకాణం పైన ఉన్న ఆ ఒంటిగది డిటెక్టివ్ పద్మకుమారి ఆఫీసు. ఆమె సహాయకుడు జగన్నాధం కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాడు. భార్య అనూరాధ పోయాక ఇంట్లో గడియారం చప్పుడు మరీ పెద్దదైపోయిందని ఈ కొలువులో చేరాడు. తనకంటే ఇరవయ్యేళ్లు చిన్నదైన పద్మకుమారి బుర్ర పనిచేసే తీరు రోజూ దగ్గరనుంచి చూడడం, తనకు దొరికిన అదృష్టమే అనుకునేవాడు. వచ్చినాయనకు మంచినీళ్లిచ్చి నోట్‌బుక్కు తెరిచాడు.

"పగబట్టినవాడు ఏం చేస్తున్నాడు?" అంది పద్మకుమారి.

"ఉత్తరాలు రాస్తన్నాడు."

"బెదిరిస్తూనా?"

"కాదమ్మా. పళ్ల డాక్టరు కుర్చీ కొనుక్కోమంటన్నాడు."

జగన్నాధం కలం ఆగిపోయింది.

ఆయన పేరు లక్ష్మీనరసింహం. బొబ్బిలిలో వీణలు చేస్తాడు. ఆయన ఫోన్లోని మెయిలు తెరిస్తే ఆ ఒక్క ఉదయమే నూట పన్నెండు ఉత్తరాలు. సగం పళ్ల డాక్టరు కుర్చీలు. మిగిలినవి కోడిగుడ్లు పొదిగే యంత్రాలు, బోరు మోటార్లు, లండన్ లాటరీలు. "మీరు ఎంపికయ్యారు" అని మాత్రం రోజుకు పదిమంది చెబుతున్నారు.

"తుడిచేసుకుంటే పోదా?" అన్నాడు జగన్నాధం.

"అందులోనే నా బతుకుందండీ!" అన్నాడు లక్ష్మీనరసింహం. భువనేశ్వర్‌లో ఒక వాద్యాల మ్యూజియంవాళ్లు నెల కిందట ఆయన పని చూసి వెళ్లారు. ఆరుగురు పిల్లలకు వీణ చెయ్యడం నేర్పే మాస్టరు కావాలి. ఎంపికైనవాళ్లకు మెయిలు వస్తుంది. అందులో ఉన్న నంబరు వేసి ఇరవయ్యో తేదీ సాయంత్రం అయిదులోగా ఒప్పుకోలు పంపాలి. "ఫోన్ సేస్తే మెయిలు సూసుకోండని పెట్టీసినారు. మా ఇంట్లో ఈ పని నాతోనే ఆగిపోతాదమ్మా. ఆ ఆరుగురికీ నేర్పితే, నాను పోయినా సెయ్యి ఉంటాది."

"ఎవరి మీద అనుమానం?"

"ముగ్గురి మీద. మా బావమరిది మురళీమోహన్, ఆడూ వీణలు సేస్తాడు, ఆ కొలువు ఆడూ అడిగినాడు. నెట్ షాపు యమున, ఈ మెయిలు తెరిసిందే ఆయమ్మ. మూడోది..." గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు. "మా ఆడది జగదీశ్వరి. సీరల కొట్లో లక్కీడ్రా కాయితం కనబడితే సాలు, ఇంటిల్లిపాది వివరాలూ రాసీస్తాది."

"మీ మెయిలు చిరునామా మీరెవరికైనా ఇచ్చారా?"

"నా నోటితో ఒక్కడికీ సెప్పనేదు. యమున ఒట్టేయించుకున్నాది."

"ఈ ఉత్తరాలు వస్తే ఏం చేస్తారు?"

"ఏటి సేస్తాం? జవాబు రాస్తాను."

కింద మిక్సీ ఒకటి గిర్రున తిరిగి ఆగింది.

"అన్నిటికీనా?"

"మా అయ్య కార్డు ముక్క వచ్చినా ఆ రోజే జవాబు రాసీవోడమ్మా."

పద్మకుమారి ఆయన పంపిన ఉత్తరాల్లో ఒకటి పైకి చదివింది. "అయ్యా, తమరు క్షేమమని తలుస్తాను. మా ఇంట కోళ్లు లేవు. పెంచినప్పుడు తప్పక తెలియజేస్తాను. ఇంట్లో అందరినీ అడిగినట్టు చెప్పగలరు." ఫోను మెల్లగా బల్ల మీద పెట్టింది. "ఇవాళ్టినుంచి ఒక్కటీ రాయకండి. రేపు బొబ్బిలి వస్తాం."

మర్నాడు బస్సులో జగన్నాధానికి కిటికీ పక్క సీటు దొరికింది. దారంతా పద్మకుమారి కళ్లు మూసుకునే ఉంది.

లక్ష్మీనరసింహం ఇంటి వసారా నిండా పనస చెక్క పొట్టు. ఒకే దుంగలోంచి తొలిచిన పెద్ద వీణ ఒకటి, స్వరాల మెట్లు ఇంకా మైనంలో బిగించకుండా పడుకుని ఉంది. పక్కన బారెడు బల్ల మీద చేతిలో పట్టేంత చిన్న వీణలు వరసగా ఉన్నాయి. ఈ ప్రాంతంలో ఏ సభ జరిగినా ముఖ్య అతిథికి శాలువాతో పాటు అలాంటి వీణ ఇస్తారు. వాటి పీఠాలకు ఆయన ఇత్తడి రేకులు బిగిస్తున్నాడు. రేకుల మీద సన్నటి అక్షరాలున్నాయి, జగన్నాధం కళ్లజోడు మాత్రం సంచిలోనే ఉండిపోయింది.

గోడ నిండా పేపరు కత్తిరింపులు. అన్నిటిలో ఎవరో ఒకరు శాలువా కప్పుకుని, చిన్న వీణను కెమెరా వైపు తిప్పి నవ్వుతున్నారు. పద్మకుమారి వాటి ముందు చాలాసేపు నిలబడింది. పళ్ల డాక్టర్ల వార్షిక సభ. కోళ్ల ఫారాల యజమానుల సమావేశం. బోరు మోటార్ల డీలర్ల ఆత్మీయ కలయిక. కింద తేదీలున్నాయి.

"సినిమావోళ్లు లేరమ్మా అందులో," అంటూ టీ తెచ్చింది జగదీశ్వరి. "నా మీద అనుమానమంట గదా? లక్కీడ్రాలో నాను ఈయన మెయిలు ఎందుకు రాస్తానమ్మా? కుక్కరు తగిల్తే కబురు ఈయనకెళ్లిపోదా? నా ఫోన్ నంబరే రాసినాను."

మురళీమోహన్ బుగ్గకు మైనం మరకతోనే వచ్చాడు. "నానెందుకు సేస్తాను బావా? నీకు ఉత్తరాలు పంపాలంటే నాకు మెయిలు కొట్టడం రావాల గదా! నాకు యమునే కొట్టి పెడతాది."

"ఇద్దరి మెయిళ్లూ తెరిచింది నేనేనండి," అంది యమున. "రోజుకి నలభై మందివి తెరుస్తాను. అమ్ముకునేదాన్నయితే ఆ షాపులో ఫ్యానైనా తిరిగుండేది."

పద్మకుమారి ముగ్గురికీ విడివిడిగా ఒక చీటీ ఇచ్చింది. లక్ష్మీనరసింహంగారి కొత్త మెయిలు చిరునామా అని చెప్పింది. మూడు చీటీల్లో మూడు వేరువేరు చిరునామాలు, అప్పుడే తెరిచినవి. తర్వాత జగన్నాధాన్ని పక్కకు పిలిచి ఫోను చేతిలో పెట్టింది. "మాస్టారూ, ఇందులో చెత్తంతా విషయాలవారీగా, తేదీలవారీగా రాయాలి. అసలు ఉత్తరం ఇందులోనే ఉండొచ్చు."

మొత్తం మూడువేల పైచిలుకు ఉత్తరాలు. "అన్నీ ఒక్క నొక్కుతో తుడిచెయ్యచ్చండి," అంది యమున జాలిగా. జగన్నాధం తల అడ్డంగా ఊపాడు. తన సొంత మెయిలు పెట్టెలోనూ లాటరీల మధ్య అనూరాధ రాసినవి కొన్ని ఉన్నాయి. "వచ్చేటప్పుడు కరివేపాకు" అని ఒకటి. "గొడుగు మర్చిపోయారు" అని ఒకటి. గుట్టగా తుడిచేసే మనిషి కాడు ఆయన. బొబ్బిలిలోనే గది తీసుకుని రెండు రోజులు ఒక్కొక్కటే చదివాడు.

ఇరవయ్యో తేదీ మధ్యాహ్నం మూడున్నరకు అందరూ వసారాలో చేరారు. ఇంకా మూడువందల ఉత్తరాలు మిగిలి ఉన్నాయని జగన్నాధం కిటికీ దగ్గర కూర్చుని చదువుతూనే ఉన్నాడు. లక్ష్మీనరసింహం గోడ గడియారం వైపు చూస్తూ పెద్ద వీణ గుండ్రటి కుండను అరచేత్తో నిమురుతున్నాడు.

"దోషి ఇక్కడే ఉన్నాడు," అంది పద్మకుమారి.

మురళీమోహన్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"మీరు కాదు, కూర్చోండి. ముగ్గురికీ మూడు చిరునామాలిచ్చాను. మీలో ఎవరు బయటపెట్టినా ఆ పెట్టెలోకి చెత్త వచ్చి ఉండేది. రెండు రోజుల్లో ఒక్కటీ రాలేదు. మాస్టారూ, మీ లెక్క చదవండి."

జగన్నాధం నోట్‌బుక్కు తీశాడు. "పళ్ల కుర్చీల మొదటి ఉత్తరం పోయిన నెల పన్నెండున. గుడ్లు పొదిగే యంత్రాలు పంతొమ్మిదిన. బోరు మోటార్లు ఈ నెల మూడున."

"గోడ మీద చూడండి. పళ్ల డాక్టర్ల సభ పదకొండున. కోళ్లవాళ్లది పద్దెనిమిదిన. మోటార్లవాళ్లది రెండున." ఆమె బల్ల మీదినుంచి చిన్న వీణ ఒకటి అందుకుని రేకు పైకి తిప్పింది. "యమునగారూ, ఏం రాసుందో చదవండి."

యమున చదివింది. "తయారీ, లక్ష్మీనరసింహం, బొబ్బిలి. మెయిలు..." ఆగిపోయి నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. "బాబుగారూ! నాకు ఒట్టేశారు కదా!"

"నోటితో సెప్పనన్నాను గదమ్మా," అన్నాడు లక్ష్మీనరసింహం చిన్నబోయి. "రేకు మీద సెక్కినాను. ఎవుడికైనా వీణ కావాలంటే తెలీద్దా?"

"సభలవాళ్లు ఫొటో తమ వెబ్‌సైటులో పెట్టి, రేకు మీదున్నదంతా కింద అక్షరం పొల్లుపోకుండా రాశారు," అంది పద్మకుమారి. "నిన్న మూడూ చూశాను. అలాంటి పేజీల్లో చిరునామాలు ఏరుకునే యంత్రాలు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి. పళ్ల డాక్టర్ల పేజీలో దొరికారు కాబట్టి మిమ్మల్ని పళ్ల డాక్టరనుకున్నారు."

"అయితే వందలెందుకయినాయి?" అంది జగదీశ్వరి.

"జవాబులు రాయబట్టి. ఎవరూ పలకకపోతే తలుపు కొట్టేవాడు కొంతకాలానికి వేరే ఇల్లు చూసుకుంటాడు. ఈయన తలుపు తీసి క్షేమం అడిగారు. ఇక్కడ మనిషున్నాడు, మర్యాదస్తుడు అని వాళ్లలో వాళ్లు చెప్పుకున్నారు. తెలియనివాళ్ల ఉత్తరానికి జవాబు వద్దు. 'ఇకమీదట పంపవద్దంటే ఇక్కడ నొక్కండి' అని వాళ్లు పెట్టినదీ నొక్కద్దు. చెత్త అని గుర్తు పెట్టి వదిలెయ్యడమే. వీణలు కావలసినవాళ్లకు ఒక చిరునామా, అయినవాళ్లకు వేరే చిరునామా ఉండాలి."

"బావా," అన్నాడు మురళీమోహన్, "నన్ను రెండు రోజులు దొంగ సూపు సూసినావు. కోళ్లోడిని మాత్రం క్షేమమడిగినావు!"

అందరూ నవ్వారు. లక్ష్మీనరసింహం ఒక్కడే నవ్వలేదు. గడియారం నాలుగూ ఇరవై అయిదు చూపిస్తోంది.

"దొరికింది," అన్నాడు జగన్నాధం నెమ్మదిగా.

"మీరు ఎంపికయ్యారు" అన్న ఉత్తరాల్లోనే ఉంది అది. చెత్తపెట్టె వాటన్నిటితో పాటు దాన్నీ మింగేసింది. జగన్నాధం కూడా దాటబోయి ఆగాడు. మిగతావన్నీ ఏదో ఒకటి నొక్కమన్నాయి, ఏదో ఒకటి పంపమన్నాయి. ఇది అలాంటిదేమీ అడగలేదు. "మీరు వీణ కుండను అరచేత్తో తట్టి, చెవి వంచి విన్నారు. అలా వినడం మా పిల్లలకు నేర్పగలరా?" అని ఉంది. ఇది రాసినవాళ్లు ఈ మనిషిని కళ్లారా చూశారు. కింద నంబరు ఉంది.

లక్ష్మీనరసింహం ఫోను అందుకుని, ఒంటివేలితో మొదలుపెట్టాడు. "అయ్యా, తమరు క్షేమమని..."

"ముందు నంబరు కొట్టు బావా!"

"క్షేమం అడక్కుండా ఎలాగరా?"

నాలుగూ నలభైకి క్షేమం అయింది. నాలుగూ యాభైకి మ్యూజియం పిల్లలకు పేరుపేరునా ఆశీస్సులు. పేర్లు తెలియవు కాబట్టి "ఆ ఆరుగురికీ" అని రాశాడు. నాలుగూ యాభై నాలుగుకు జగదీశ్వరి దేవుడి గది వైపు వెళ్లిపోయింది. నాలుగూ యాభై ఏడుకు నంబరు, ఒప్పుకోలు. యమున వేలు వచ్చి బటన్ నొక్కింది.

అయిదు నిమిషాల తర్వాత ఫోను కిణుక్కుమంది. జగన్నాధం చదివాడు. "అందింది. ఒకటో తేదీన రండి. మీ బాడిశ, ఉలులు తెచ్చుకోండి, ఇక్కడివి మీ చేతికి నప్పవు."

లక్ష్మీనరసింహం తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. కాసేపటికి తీసి, మురళీమోహన్‌ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "నాను లేనప్పుడు ఈ పెద్ద వీణకి మెట్లు నువ్వే వెయ్యాల. మైనం తక్కువ పొయ్యి." అలా అంటూనే చిన్న వీణకు బిగించిన రేకు మేకులు ఒక్కొక్కటే ఊడదీశాడు. అప్పుడు, అలవాటు కొద్దీ, మ్యూజియంవాళ్లకు జవాబు రాద్దామని చెయ్యి ఫోను మీదికి పోయింది. ఠక్కున వెనక్కి తీసుకుని, పట్టుబడ్డవాడిలా పద్మకుమారి వైపు చూశాడు.

"దీనికి రాయండి," అందామె. "ఎంత పొడుగైనా పరవాలేదు."