పెంకిపిల్ల మూలుగు

పొద్దు వాలాక సముద్రం ఒడ్డునున్న ఆ మ్యూజియంలో మూడో హాలు వైపు ఎవరూ వెళ్ళరు. జీతం తీసుకునే కాపలావాళ్ళే వెళ్ళరు, ఇంక టికెట్టు కొన్నవాళ్ళ మాట చెప్పేదేముంది!

పగలు చూస్తే మాత్రం అంత ముచ్చటైన చోటు ఇంకోటి ఉండదు. పాతకాలపు పందెం పడవలు పొడుగ్గా, సన్నగా, నడుం దగ్గర వంపు తిరిగి, దుంగల మీద వరసగా నిలబడి ఉంటాయి. పైనుంచి తెరచాపలు వేలాడుతుంటాయి. గోడ వెంట అద్దాల బీరువాల్లో వెండి కప్పులు, పందెం మొదలుపెట్టడానికి పేల్చే బుల్లి ఇత్తడి ఫిరంగి, గెలిచిన జట్లు తడిబట్టలతో పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ దిగిన ఫోటోలు. తాళ్ళకు రకరకాల ముళ్ళు వేసి బిగించిన బల్ల ఒకటి ఉంది. దాని దగ్గర పిల్లలకంటే తండ్రులే ఎక్కువసేపు నిలబడి, అవి విప్పలేక ఓడిపోతుంటారు.

మూడో హాల్లో అన్నిటికంటే చివర ఉండేది పెంకిపిల్ల.

పడవ పేరే అది. ముక్కు పక్కన ఎర్రటి అక్షరాలతో రాసి ఉంటుంది. దాని కాలంలో పద్నాలుగు పందేలు గెలిచిందట. అలాంటిది నీళ్ళు వదిలి హాల్లోకొచ్చి పదకొండేళ్ళయింది. అప్పట్నుంచీ... చీకటి పడితే చాలు... మూలుగుతుందని పేరు.

"మొదట ఎవరో గుటక వేసినట్టు చప్పుడు. తర్వాత లోపల్నుంచి వేలి కణుపుతో తట్టినట్టు... ఆ తర్వాత మూలుగు," అని చెప్పి ఒక కాపలాదారు పని మానేశాడు. రెండోవాడు ఏమీ చెప్పకుండానే మానేశాడు. మూడోవాడు తెలివైనవాడు. గేటు దగ్గర కుర్చీ వేసుకుని, లోపలికి వెళ్ళమంటే మోకాళ్ళ నొప్పులంటాడు.

చివరికి మేనేజరు విసిగిపోయాడు. "ఎండి చచ్చిన చెక్కకి ఇంత గొడవ దేనికి? నిలువునా కోయించి, సగం ఇటూ సగం అటూ నిలబెడదాం. పడవ లోపల ఎలా ఉంటుందో జనం చూస్తారు. దెయ్యం ఏ సగంలో ఉంటుందో అదే తేల్చుకుంటుంది," అన్నాడు.

కోయడానికి పిలిచింది ధైర్యం మేస్త్రిని.

ఆయన పడవల వడ్రంగి. ఉలి పట్టుకుంటే ఆ చుట్టుపక్కల ఆయనకి సాటి లేరు. ఉలి కింద పెట్టాడా, కరెంటు పోయినా వణుకే, పిల్లి దూకినా వణుకే. భయం వేసినప్పుడల్లా "ధైర్యం... ధైర్యం..." అని తనకు తనే చెప్పుకుంటాడు. అలా ఆ పేరు అంటుకుపోయింది. రాత్రి తలుపు గడియ పడిందో లేదో చూడాలంటే, "ధైర్యంగారూ, నేను వెళ్తాలెండి, మీరు పడుకోండి," అని ఇంట్లో భార్య కూడా ఆటపట్టిస్తుంది.

అయితే ఈసారి మేస్త్రిని కుదిపింది దెయ్యం కాదు. పెంకిపిల్లని కట్టింది ఆయన పెదనాన్న. మేస్త్రికి పని నేర్పిందీ ఆయనే. ఆ చేతుల కింద తయారైన ఆఖరి పడవ అది. దాన్ని నేల మీద చూడలేక, మేస్త్రి పదకొండేళ్ళుగా ఆ మ్యూజియం గడప తొక్కలేదు.

"మీరు కోయనంటే ఫ్యాక్టరీ రంపంవాళ్ళని పిలుస్తాను," అన్నాడు మేనేజరు ఫోన్లో.

"కోయకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి సార్?"

"అది మళ్ళీ నీళ్ళ మీద నిలుస్తుందని మీరు రాసి సంతకం పెట్టండి. రేపు పొద్దున్న తొమ్మిదింటిలోపు. అప్పుడు ముట్టుకోను. నిలవదంటే మాత్రం కోతే."

మేస్త్రి ఫోను పెట్టేశాడు. నీళ్ళకి దూరంగా పదకొండేళ్ళు ఎండిన పడవ ఏమవుతుందో ఆయనకి తెలియనిదా! పలకలు కుంచించుకుపోతాయి. పలకకీ పలకకీ మధ్య వేలు దూరేంత సందు పడుతుంది. నీళ్ళలో దింపితే చూస్తుండగానే మునుగుతుంది. అబద్ధం రాసి పెదనాన్న పరువు తీయలేడు. పరాయి రంపానికి అప్పజెప్పనూ లేడు. కనీసం గీతైనా నేనే తిన్నగా గీస్తాను అనుకుని, చూడ్డానికి వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయే వేళకి సుద్ద, నూలుతాడు పట్టుకుని బయల్దేరాడు. జనం ముందు కళ్ళనీళ్ళు పెట్టుకోవడం ఆయనకి ఇష్టం లేదు.

"ఏడింటికి దీపాలు వాటంతటవే ఆరిపోతాయి, ఆలోపే వచ్చెయ్యండి," అని గేటు దగ్గర కాపలాదారు హెచ్చరించాడు. లోపలిదాకా తోడు రమ్మంటే మోకాళ్ళు చూపించాడు.

మూడో హాల్లో అడుగుల చప్పుడు కూడా పెద్దగా వినిపించింది. మేస్త్రి పెంకిపిల్ల ముందు నిలబడ్డాడు. ఆ వంపు... ఆ ముక్కు... పెదనాన్న చెయ్యి ఎక్కడ ఆగిందో, ఎక్కడ సాగిందో అంతా కనబడుతోంది. పలకల వైపు చూడబోయి చూపు తిప్పేసుకున్నాడు. చచ్చినవాళ్ళ ముఖం మీద గుడ్డ తొలగించి చూడ్డానికి మనసొప్పనట్టే, ఆ సందులు చూడ్డానికి ఆయనకి మనసొప్పలేదు.

నిచ్చెన వేసుకుని పైకెక్కాడు. పైన గీత గీద్దామంటే చెయ్యి ఆడలేదు. సరే, ముందు లోపల గీద్దామని నాలుగు మెట్లు దిగి పడవ కడుపులోకి వెళ్ళాడు. సుద్ద తీశాడు. "తిట్టుకో పెదనాన్నా... ఎంత తిట్టుకుంటావో తిట్టుకో," అన్నాడు.

అప్పుడు దీపాలు ఆరిపోయాయి.

మామూలు చీకటి కాదది. కళ్ళు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. మేస్త్రి తడుముకుంటూ మెట్టు కోసం వెతికాడు. మెట్టు లేదు. అంటే ఉంది, ఆయన వెతికే వైపు లేదు.

"ధైర్యం..." అనుకున్నాడు.

దూరంగా ఏదో కీచుమంది. ఆగింది. మళ్ళీ కీచుమంది... ఈసారి దగ్గర్లో. ఏదో బరువు నేల మీద ఈడుస్తున్నట్టు... ఒక్కో మెట్టే ఎక్కుతున్నట్టు...

"ధైర్యం... ధైర్యం..."

నెత్తి మీద చెక్క కదిలింది. ఎవరో రొప్పుతున్నారు. ఆ రొప్పులోంచి ఒక గుసగుస —

"తాగవే తల్లీ... తాగు... ఎవరికీ చెప్పకేం..."

 

గుటక్... గుటక్... గుటక్...

చల్లగా ఏదో వచ్చి ఆయన పాదాల్ని పట్టుకుంది. పడవ లోపలెక్కడో టక్కుమని తట్టిన చప్పుడు. ఇంకోటి. ఇంకోటి. ఆ తర్వాత, ఆయన చుట్టూ అన్ని వైపుల నుంచీ, సన్నగా మొదలై పెద్దదవుతూ...

మూలుగు.

"అమ్మో!" అని మేస్త్రి గావుకేక పెట్టాడు.

"అమ్మో!" అని పైనుంచి అంతకు రెట్టింపు కేక వచ్చింది. వెంటనే ఇనప బకెట్టు ఒకటి నిచ్చెన మీదుగా ఒక్కో మెట్టునీ పలకరిస్తూ కిందికి దొర్లింది.



"ఎవరది? మనిషా... దెయ్యమా?" పైనుంచి వణుకుతూ అడిగింది గొంతు.

"మనిషినే! మరి నువ్వో?"

"నేనూ మనిషినే బాబూ... ఇప్పటిదాకా."

టార్చి వెలిగింది. ఆ వెలుగులో చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, జుట్టు ముడి ఊడిపోయి, మ్యూజియం నేలలు తుడిచే ఆవిడ కనబడింది. అక్కడ అందరూ పిన్ని అని పిలుస్తారు ఆవిడని.

"ఇదేం పని పిన్నీ? చీకట్లో ఇక్కడ నీళ్ళు పొయ్యడమేంటి?"

పిన్ని అక్కడే పడవ అంచు మీద కూలబడి ఏడుపు మొదలుపెట్టింది. "మేనేజరుగారికి చెప్పకు బాబూ, నీ కాళ్ళు పట్టుకుంటాను. తుడిచిన నీళ్ళు పారబోసే తూము మొదటి హాలు అవతల, నలభై మెట్లు దిగాలి. నిండు బకెట్టుతో నా వల్ల అవుతుందా? ఒకరోజు ఓపిక లేక ఆఖరి బకెట్టు దీన్లో వొంపేశాను. ఎటూ పోలేదు, ఎవరూ అడగలేదు. మర్నాడూ వొంపాను. అంతే... అలా అలవాటైపోయింది."

"ఎన్నాళ్ళుగా?"

"ఇది వచ్చిన నెల నుంచీ. అంటే... పదకొండేళ్ళు."

"మరి ఇది మూలుగుతుంటే నీకు భయం వెయ్యలేదా?"

"కడుపు నిండితే ఎవరు మూలగరు బాబూ? అది మాట్లాడ్డం మాత్రం ఇవాళే విన్నాను. అందుకే గుండె జారిపోయింది."

మేస్త్రి నవ్వబోయి ఆగిపోయాడు. పడవ ఇంకా మూలుగుతూనే ఉంది. ఆ చప్పుడు... ఆ చప్పుడు తను వినలేదూ! కొత్త పడవని మొదటిసారి నీళ్ళలో దింపినప్పుడల్లా విన్నాడు. పెదనాన్న పక్కన నిలబడి, వందసార్లు విన్నాడు. ఎండు పలక నీళ్ళు తాగుతుంది. ఉబ్బుతుంది. పక్క పలకని తోస్తుంది. ఆ పలక ఇంకో పలకని తోస్తుంది. అలా సందులన్నీ బిగుసుకునేటప్పుడు పడవ మూలుగుతుంది.

చచ్చిన చెక్క మూలగదు.

టార్చి లాక్కుని, ఇందాక చూడ్డానికి మనసొప్పని సందుల దగ్గరికి వెళ్ళాడు. గోరు పెట్టి చూశాడు. గోరు దిగలేదు. ఇంకోచోట పెట్టాడు. అక్కడా దిగలేదు. సందులు లేవు! పదకొండేళ్ళ పాటు ఒక్కసారి వచ్చి చేత్తో తడిమి ఉంటే తెలిసేది. రాకుండానే, చూడకుండానే, చచ్చిపోయిందని తనే ఖాయం చేసేసుకున్నాడు. సిగ్గూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చి, పెదనాన్న పోయిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చాడు.

"అంత బాధపడకు బాబూ, రేపట్నుంచి తూము దగ్గరికే మోస్తాను," అంది పిన్ని కంగారుగా.

"మోశావో, ఊరుకోను!" అన్నాడు మేస్త్రి.

మర్నాడు తొమ్మిదికి ఐదు నిమిషాలు ఉండగా కాగితం మేనేజరు చేతిలో పెట్టాడు. మేనేజరు నమ్మలేదు. "నిలుస్తుందని మీరు రాసేస్తే సరా? రుజువేది?"

"గొట్టం తెప్పించండి."

పడవ కింద నేలంతా పాత పేపర్లు పరిచారు. లోపల మోకాళ్ళ ఎత్తు నీళ్ళు పట్టారు. లోపలి నీళ్ళు బయటికి రావంటే, బయటి నీళ్ళు లోపలికి పోవు. మేనేజరు కోటు విప్పేసి, పేపర్ల మీద వెల్లకిలా పడుకుని, టార్చి పట్టుకుని పావుగంట చూశాడు. ఒక్క చుక్క రాలలేదు. కాపలాదారు కూడా పగలే కదా అని ధైర్యం తెచ్చుకుని, మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి వంగి చూశాడు.

"గట్టి ఘటమే!" అని మేనేజరు లేచి దుమ్ము దులుపుకున్నాడు. కోయించమని రాసిన కాగితం చింపేశాడు. సంగతంతా విని, పిన్నిని తిట్టాలో మెచ్చుకోవాలో తేల్చుకోలేక, "రోజూ రెండు బకెట్లు," అని మాత్రం అన్నాడు. పిన్ని మొహం చూడాలి!

మేస్త్రి ఆనందంగా పడవని ఈ చివర నుంచి ఆ చివరకి నిమురుతూ పోయాడు. కింది పలకలు బిగువు. నడిమి పలకలు బిగువు. పై పలకలు...

చెయ్యి ఆగింది.

పై పలకలూ అంతే బిగువు.

బకెట్టు నీళ్ళు పడవ అడుగునే ఉంటాయి. అంత ఎత్తుకి ఎలా ఎక్కుతాయి? నిచ్చెన మీంచి మెడ చాపి చూశాడు. అంచు పొడుగునా సన్నగా తెల్లటి పొర పట్టి ఉంది. రాత్రి దాన్ని చూసి దుమ్మనుకున్నాడు. వేలితో తీసి, పనివాడి అలవాటు కొద్దీ నాలిక మీద పెట్టుకున్నాడు.

"పిన్నీ... నువ్వు పోసే నీళ్ళలో ఉప్పు వేస్తావా?"

"ఉప్పా? కూరలోనే మర్చిపోతానని మా ఆయన రోజూ గోల. నేల తుడిచే నీళ్ళకి ఉప్పెందుకు బాబూ?"

మేస్త్రి నిచ్చెన దిగలేదు. పదకొండేళ్ళుగా హాల్లో ఉన్న పడవకి అంచుల దాకా కొత్తగా సముద్రపు ఉప్పు పట్టాలంటే ఒకటే దారి. ఎదురుగాలిలో, పక్కకి ఒరిగిపోయి, అలల్ని చీల్చుకుంటూ అది పరుగెత్తాలి. ఆ మాటే నెమ్మదిగా, గొంతు తగ్గించి చెప్పాడు.

 మేనేజరు కోటు సగమే తొడుక్కుని ఉండిపోయాడు.

పిన్ని పొడిగా ఉన్న పేపర్ల వైపు చూసింది. పడవ వైపు చూసింది. తర్వాత బుగ్గన వేలు పెట్టుకుని అంది —

"మరి... గాలి హోరున వీచిన రాత్రి తెల్లారేసరికల్లా, దీని కిందే నేల ఎందుకు తడిసి ఉంటుంది బాబూ?"